మూడడుగుల అచ్చు వదిలెయ్యాలా? పత్తి రైతుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా పత్తివే. అందులోనూ తిప్పి తిప్పి రెండే సంగతులు, ఒకటి మొక్కలు దగ్గర దగ్గరగా పెట్టడం, రెండోది చెట్టు మరీ పెరగకుండా కొట్టే మందు. చాలామంది వీటిని వేరువేరుగా అడిగారు గానీ నా దృష్టిలో రెండూ ఒకటే ప్రశ్న, ఎందుకంటే విత్తిన రోజు మీరు పెట్టిన ఎడమే తర్వాత మందు కావాలో వద్దో, ఎంత కావాలో తేల్చేస్తుంది. అందుకే ఈసారి వేరే పంటల ఉత్తరాలు పక్కనపెట్టి ఇవే తీసుకున్నా, కొంచెం పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

ప్రశ్న: నమస్తే సార్. మాది ఆదిలాబాద్ జిల్లా, అయిదెకరాల నల్లరేగడి. మా నాయిన కాలం నుంచి మూడడుగులకు మూడడుగులు అచ్చు తోలి పత్తి పెడ్తున్నం. పోయినేడు మా ఊర్ల మీటింగ్ పెట్టి సాలుకు సాలు 90 సెంటీమీటర్లు, మొక్కకు మొక్క 20 సెంటీమీటర్లే పెట్టాలె, దిగుబడి పెరుగుతది అన్నరు. మా భూమిల మూడడుగులు పెడితేనే దసరాకల్లా మనిషి లోపలికి పోరాదు, జానెడు దూరం పెడితే అడివైతది గద సార్. ఇది నిజంగ పనిచేస్తదా, విత్తనాలు ఎక్కువ అమ్ముకునే ఉపాయమా?

జవాబు: నీ అనుమానం న్యాయమైందే తమ్ముడూ. నల్లరేగడిలో, ఎప్పుడూ పెట్టే గుబురు రకం విత్తనమే తెచ్చి జానెడు దూరంలో పెట్టి మందూ మాకూ లేకుండా వదిలేస్తే నువ్వన్నట్టు అడివే అవుతుంది, అందులో డౌట్ లేదు. కానీ పద్ధతి తప్పు అనడానికి ముందు ఒక లెక్క వేసుకుందాం, కాగితం పెన్ను తీసుకో.

ఎకరాకు 10 క్వింటాళ్లు రావాలనుకుందాం. ఒక కాయలో పత్తి 4 గ్రాములు అనుకుంటే ఎకరంలో రెండున్నర లక్షల కాయలు పగలాలి. మూడడుగులకు మూడడుగులు పెడితే ఎకరానికి 4,840 చెట్లు, అంటే ఒక్కో చెట్టు 52 కాయలు నిలబెట్టాలి. మూడడుగులకు రెండడుగులైతే 7,260 చెట్లు, చెట్టుకు 34 కాయలు. మూడడుగులకు అడుగైతే 14,520 చెట్లు, 17 కాయలు. మీటింగ్‌లో చెప్పిన 90 కి 20 సెంటీమీటర్లయితే 22 వేల పైచిలుకు చెట్లు, ఒక్కోటి 11 కాయలిస్తే చాలు. ఇప్పుడు నీ చేలో తిరిగి చూడు, 52 కాయలు నిజంగా పగిలిన చెట్లు ఎన్నున్నాయో, గట్టు పక్కన బలిసిన చెట్టు కాదు నడిచేలో చెట్టు చూడు. మొలవక పోయిన గుంతలు, ఎండు తెగులుకు పోయినవి కూడా లెక్కలోకి తీసుకో, పల్చటి చేలో ఒక్క చెట్టు పోతే 52 కాయలు పోయినట్టే.

దీనికి తోడు టైమ్ సంగతి ఉంది, నాకైతే అసలు విషయం ఇదే అనిపిస్తుంది. పత్తి చెట్టుకు గూడ, అంటే పూమొగ్గ, కట్టిన 21 నుంచి 25 రోజులకు పువ్వు విచ్చుతుంది, పువ్వు విచ్చిన 45, 50 రోజులకు కాయ పగులుతుంది. జూన్ 20 న విత్తితే ఆగస్టు 20 ప్రాంతంలో పూత మొదలు, అక్కణ్ణించి మొదటి నెల రోజుల్లో వచ్చిన పూత దీపావళి అటూఇటూ చేతికొస్తుంది. పదకొండు కాయలు ఆ మొదటి విడత పూతలోనే అయిపోతాయి. 52 కాయలు కావాలంటే చెట్టు అక్టోబరు, నవంబరు దాకా పూస్తూనే ఉండాలి, అప్పటికి వానలు వెనక్కి పోయుంటాయి, భూమిలో పదును తగ్గుతుంది, ఆకు ఎర్రబడుతుంది, కాయ తొలిచే గులాబీ పురుగు సరిగ్గా అప్పుడే ఉధృతంగా ఉంటుంది. చివర్లో వచ్చే కాయలు చిన్నవి, పురుగు తిన్నవి, వాటికోసం మళ్లీ రెండు మందులు కొట్టి, కూలి పెట్టి ఏరించి, చివరికి ఏం మిగిలింది అని లెక్కేస్తే బాధే మిగులుతుంది. దగ్గర పద్ధతిలో కాపంతా ఒకేసారి వచ్చి చేను డిసెంబరుకల్లా ఖాళీ అయితే గులాబీ పురుగుకు తిండి ఆగిపోతుంది, నీళ్లున్నోళ్లు ఇంకో పంట కూడా వేసుకోవచ్చు.

మరి మన పెద్దోళ్లు మూడడుగులు ఎందుకు పెట్టారంటే వాళ్లకు తెలియక కాదు. అటు ఇటు రెండు వైపులా అరక తిరగాలి, గుంటుక తోలితే కలుపు పోవాలి, అది ఒకటి. రెండోది హైబ్రిడ్ విత్తనం రేటు. 1970 లో గుజరాత్‌లోని సూరత్ ఫారంలో హెచ్-4 అనే హైబ్రిడ్ వచ్చింది, ప్రపంచంలో వ్యాపారంగా సాగైన మొదటి పత్తి హైబ్రిడ్ అదే, చేత్తో పూతను సంకరం చేసి తీసిన విత్తనం కాబట్టి ఖరీదు ఎక్కువ, అందుకని పల్చగా పెట్టి చెట్టును బాగా పెద్దది చేసి కాపు తీయడం మనకు అలవాటైంది. 2002 తర్వాత కాయ పురుగును తట్టుకునే బీటీ విత్తనం కూడా మన దగ్గర హైబ్రిడ్లలోనే వచ్చింది, అలవాటు అట్లాగే ఉండిపోయింది.

విత్తనాలు అమ్ముకునే ఉపాయమా అన్నావు చూడు, ఖర్చు పెరిగే మాట నిజమే, దాచాల్సిన పని లేదు. 475 గ్రాముల బీజీ-2 (బీటీలో రెండో తరం) విత్తన ప్యాకెట్టులో సుమారు 5 వేల గింజలుంటాయి, 2025 లో దాని రేటు 901 రూపాయలు. మామూలుగా ఎకరాకు రెండు ప్యాకెట్లు పెట్టేవాడివి, జానెడు దూరానికి ఒక్కో గింజ పెట్టినా నాలుగైదు పడతాయి, అంటే ఎకరాకు పద్దెనిమిది వందల నుంచి రెండు వేల ఏడు వందల దాకా ఎక్కువ. ఆ డబ్బు వెనక్కి రావాలంటే 2025-26 లో పొడుగు పింజ మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు కాబట్టి 35 కిలోల పత్తి ఎక్కువ రావాలి, అంతే. కానీ కలుపు ఖర్చు కూడా మారుతుంది, అది మర్చిపోవద్దు, జానెడు దూరంలో అడ్డంగా గుంటుక తిరగదు, సాళ్ల మధ్య ఒక వైపే తోలాలి. అందుకని విత్తిన 48 గంటల్లోపు పదునున్నప్పుడు పెండిమిథాలిన్ ఎకరాకు లీటరుకు కొంచెం పైన, మళ్లీ 20, 25 రోజులప్పుడు కలుపు రెండు మూడు ఆకుల మీదున్నప్పుడు పైరిథియోబాక్ సోడియం 250 మిల్లీలీటర్లు, గడ్డి జాతి ఉంటే క్విజాలోఫాప్ 400 మిల్లీలీటర్లు కొట్టుకోవాల్సి వస్తుంది.

నీ భూమికి నేను చెప్పేది ఏంటంటే అయిదెకరాలూ ఒకేసారి మార్చకు. ఈ పద్ధతికి బాగా కుదిరేది చెల్క (ఎర్ర నేల), దుబ్బ (ఇసుక నేల), తేలికపాటి నల్లనేలలు, అక్కడ చెట్టు ఎట్లాగూ నడుము దాటదు కాబట్టి మూడడుగుల ఎడం పెడితే భూమి సగం ఖాళీగా ఎండకు మాడుతుంది. లోతు రేగడిలో చెట్టు సహజంగానే ఏపుగా వస్తుంది. అందుకే ముందు ఒక్క ఎకరంలో మూడడుగులకు అడుగు పెట్టి చూడు, కొమ్మలు పొట్టిగా నిటారుగా పెరిగే, త్వరగా కాపుకొచ్చే రకం అడిగి తీసుకో, అడుగున గుబురు కొమ్మలు బాగా వేసే రకం మాత్రం వద్దు. 60 నుంచి 75 మిల్లీమీటర్ల వాన పడి భూమి తడిశాకే గింజ పెట్టు. ఎదుగుదల ఆపే మందు ఆ ఎకరానికి తప్పనిసరి అనుకునే దిగు, ఆ ఖర్చు పెట్టలేను అనుకుంటే మూడడుగులకు రెండడుగుల దగ్గర ఆగిపో. నాగపూర్‌లోని కేంద్ర పత్తి పరిశోధన సంస్థ 2023-24 నుంచి తెలంగాణ, ఆంధ్రతో కలిపి ఎనిమిది రాష్ట్రాల్లో ఈ పద్ధతిని రైతుల పొలాల్లోనే వేయించి చూపిస్తోంది, మీ దగ్గర్లో అట్లాంటి చేను ఉంటే సెప్టెంబరులో ఒకసారి, పత్తి ఏరేటప్పుడు ఒకసారి పోయి చూసిరా, కళ్లతో చూసినదానికి నా మాట సాటి రాదు.

ప్రశ్న: సార్, జనగామ దగ్గర చెల్క భూమి మాది. దగ్గర పత్తి పెట్టిన, 45 రోజులకు ఎదుగుదల ఆపే మందు కొట్టాలని చెప్తే సరిగ్గా 45 వ రోజే కొట్టిన. అప్పటికి పద్దెనిమిది రోజులైంది వాన లేక. ఇప్పుడు చెట్టు మోకాలు ఎత్తు కూడ లేదు, ఆకు ముదురు పచ్చగైంది, అట్లనే నిలబడిపోయింది. పక్క చేను నా చేనుకంటె మంచిగుంది. ఏం చెయ్యాలె?

జవాబు: క్యాలెండర్ చూశారు, చెట్టును చూడలేదు, జరిగింది అదే. ఇందులో మీ తప్పుకంటే చెప్పినవాళ్ల తప్పే ఎక్కువ, 45 రోజులు అనే మాట ఒక్కటే అందరి చెవిలో పడింది, దాని వెనకున్న షరతు ఎవరూ చెప్పట్లేదు.

చెట్టు పొడుగు సాగడానికి లోపల జిబ్బరెల్లిన్ అనే హార్మోన్ తయారవుతుంటుంది. మెపిక్వాట్ క్లోరైడ్, షాపుల్లో చమత్కార్ అని అడిగి తీసుకునేది, ఆ హార్మోన్ తయారీని తగ్గిస్తుంది. దాంతో కొత్తగా వచ్చే కణుపుల మధ్య దూరం తగ్గుతుంది, ఆకు చిన్నదై దళసరిగా ముదురు పచ్చగా అవుతుంది. ఇప్పటికే సాగిపోయిన కాండాన్ని అది కుదించలేదు, ముందు రాబోయేదాన్నే ఆపుతుంది. నీళ్లు లేనప్పుడు చెట్టు తనంతట తనే ఎదుగుదల ఆపేసుకుంటుంది, ఇక ఆ చెట్టును మళ్లీ మందుతో ఆపడం అంటే పస్తులున్నవాణ్ణి పథ్యం పెట్టి పడుకోబెట్టినట్టు.

కొట్టాలా వద్దా అని చూడ్డానికి ఒక తేలికైన కొలత ఉంది, మీ చెయ్యే కొలబద్ద. చేలో ఒక పది చోట్ల చెట్టు కొస నుంచి కిందికి కణుపులు లెక్కపెట్టండి, పైనుంచి నాలుగో కణుపుకు అయిదో కణుపుకు మధ్య ఎంత ఎడం ఉందో వేళ్లు పెట్టి చూడండి. బెత్తెడు, అంటే నాలుగు వేళ్ల వెడల్పు మించి ఉంటే చెట్టు ఒళ్లు బలుస్తోంది, మందు కావాలి. రెండు వేళ్లే ఉంటే జోలికి పోవద్దు. మధ్యలో ఉంటే వాన, ఎరువు చూసుకుని ఇంకో వారం ఆగి మళ్లీ కొలవండి. మంచి వానలు పడి చేను ఉరకలేస్తున్నప్పుడు గూడ కట్టే టైముకి, అంటే 45 రోజులప్పుడు ఒకసారి, మళ్లీ 65 రోజులప్పుడు ఒకసారి, 5 శాతం మందైతే లీటరు నీటికి ఒక మిల్లీలీటరు, 16 లీటర్ల పంపుకు 16 మిల్లీలీటర్లు. కొట్టాక ఏడెనిమిది గంటలు వాన పడకుండా ఉండాలి. దగ్గర పత్తిలో చెట్టు మూడడుగులు, మహా అయితే మూడుంపావు దగ్గర ఆగితే చాలు, సాళ్ల మధ్య దూరం ఎంతో చెట్టు ఎత్తు కూడా దాదాపు అంతే ఉండాలి అని గుర్తుపెట్టుకోండి, దాన్ని మించితే అడుగు కొమ్మలకు వెలుతురు అందదు, కింది కాయ కుళ్లుతుంది. ఇంకో మాట, క్లోర్‌మెక్వాట్ అని 50 శాతం గాఢతతో వేరే మందు దొరుకుతుంది, లిహోసిన్ పేరుతో తెలిసిందే, దానికీ దీనికీ డోసులు వేరు, ఒకదాని డోసు చూసి ఇంకోటి కొట్టకండి.

మీ చేను సంగతి. కంగారుపడి ఎదుగుదల పెంచే టానిక్కులు కొట్టకండి. ఈ మందు ప్రభావం రెండు మూడు వారాల్లో తగ్గిపోతుంది, మొదటి మంచి వాన పడగానే ఎకరాకు 25 కిలోల యూరియా, 10, 15 కిలోల పొటాష్ మొక్క మొదట్లో వేసి మట్టి కప్పండి, 13-0-45 అనే నీళ్లలో కరిగే ఎరువు లీటరుకు 10 గ్రాములు ఆకు మీద కొట్టండి. నీటి వసతి ఉంటే వానకోసం చూడకుండా ఒక తడి ఇవ్వండి. రెండోసారి మందు ఈ ఏడు అసలు వద్దు. చెట్టు పొట్టిగా ఉన్నా మీ చేలో చెట్లు 20 వేలు దాటి ఉన్నాయి కదా, చెట్టుకు ఎనిమిది కాయలు నిలిచినా పక్క చేనుకు తీసిపోరు, ధైర్యంగా ఉండండి.

ప్రశ్న: ఆదోని వైపు నుంచి రాస్తున్నాను సార్, ఇంట్లో వ్యవసాయం నేనే చూసుకుంటాను. వారం నుంచి ముసురు, చేలో గూడ, పిందె కింద పరుచుకున్నట్టు రాలిపోతాండాది. షాపులో ప్లానోఫిక్స్ ఇచ్చి పంపుకు 20 ఎంఎల్ పొయ్యమన్నారు, కొట్టినాను, మూడు రోజులకి ఇంకా ఎక్కువ రాలింది. మందు నకిలీదా?

జవాబు: నకిలీ అయ్యుండకపోవచ్చమ్మా, డోసు చూడండి. ప్లానోఫిక్స్‌లో ఉండేది ఎన్ఏఏ అనే హార్మోన్, 4.5 శాతం. పత్తిలో పూత, పిందె రాలకుండా కావాల్సింది 10 పీపీఎం (పది లక్షల వంతుల నీటిలో పది వంతుల హార్మోన్), అంటే నాలుగున్నర లీటర్ల నీటికి ఒక్క మిల్లీలీటరు. 16 లీటర్ల పంపుకు మూడున్నర మిల్లీలీటర్లు చాలు, మీరు 20 పోశారు, అయిదున్నర రెట్లు పైనే. హార్మోన్లు పురుగుమందుల్లాంటివి కావు, కొంచెం ఎక్కువేస్తే కొంచెం ఎక్కువ పనిచేస్తుంది అనుకోవడానికి లేదు, ఈ హార్మోన్ తక్కువలో తొడిమను పట్టి ఉంచుతుంది, ఎక్కువైతే చెట్టులో ఇథిలీన్ అనే వాయువు పుట్టించి అదే తొడిమను వదిలించేస్తుంది. పాపం మీరు రాలకూడదని కొట్టారు, అది ఇంకా రాల్చింది, నాకు చదువుతుంటేనే కష్టంగా అనిపించింది. మిల్లీలీటర్లు కొలిచే సిరంజి ఒకటి మందుల డబ్బా దగ్గరే పెట్టుకోండి, మూతతో కొలిచే అలవాటు ఈ మందుకు పనికిరాదు.

అయినా అసలు ఎందుకు రాలుతోందో కూడా చూడాలి కదా. పత్తి చెట్టు తను పెట్టిన గూడలో, పిందెలో నూటికి అరవై దాకా రాల్చుకోవడం మామూలే, అన్నీ నిలిస్తే సాకలేదు. ముసురు పట్టి నాలుగైదు రోజులు ఎండ లేకపోతే ఆకు తిండి తయారుచేయలేదు, వేళ్ల దగ్గర నీళ్లు నిలబడితే ఊపిరాడక ఇథిలీన్ పుడుతుంది, రెండూ కలిస్తే రాలుడే. కింద పడ్డ గూడ ఒక పది ఏరి చూడండి, పక్క రేకులు విచ్చుకుని లోపల చిల్లి, పురుగు పెంటిక ఉంటే అది పురుగు పని, చిల్లి లేకుండా పసుపు రంగుకు తిరిగి రాలితే చెట్టు తనే వదిలింది. చెట్టు తనే వదిలినప్పుడు ముందు చేయాల్సింది నీళ్లు బయటికి తీయడం, ప్రతి నాలుగైదు సాళ్లకు ఒక కాలవ తీయించండి, తెరపి ఇవ్వగానే 13-0-45 లేదా 19-19-19 లీటరుకు 10 గ్రాములు కొట్టండి. ప్లానోఫిక్స్ మళ్లీ కొట్టాలంటే కనీసం రెండు వారాలు ఆగి, సరైన డోసులో. పువ్వు విచ్చి రెండు వారాలు దాటిన కాయ ఇక రాలదు, కాబట్టి నిలిచినవి ఎన్నో లెక్కపెట్టుకోండి, మీరు అనుకున్నదానికంటే ఎక్కువే ఉండొచ్చు.

ప్రశ్న: పల్నాడు జిల్లా. పత్తి ఆకులు బెండాకుల్లాగా సన్నగా చీలిపోయి వంకర తిరిగినాయి. పేనుబంక అని మందు కొట్టాం, తగ్గలా. వైరసేమో అంటున్నారు.

జవాబు: మీరు పంపిన ఫోటో చూస్తే ఇది 2,4-డి దెబ్బలా ఉంది. అది కూడా ఒకరకంగా హార్మోనే, కలుపు మందుగా మొక్కజొన్నలో, వరిలో వాడతారు. పత్తికి అది ఎంత పడదంటే ఆ మందు కొట్టిన పంపును మామూలు నీళ్లతో కడిగి పత్తికి వాడినా చాలు ఇట్లా అవుతుంది, పక్క చేలో కొట్టింది గాలికి కొట్టుకొచ్చినా అవుతుంది. గట్టు పక్క నాలుగు సాళ్లలోనే ఉంటే గాలికి వచ్చింది, చేనంతా ఉంటే పంపు వల్లే. పురుగు మందులు ఇక కొట్టకండి, దండగ. బాగా దెబ్బతిన్న కొసలు తుంచేసి, పదును చూసి కొంచెం యూరియా వేసి పోషకాలు ఆకు మీద కొట్టుకుంటూ ఉండండి, దెబ్బ తక్కువైతే మూడు నాలుగు వారాల్లో కొత్త ఆకు మామూలుగా వస్తుంది. కలుపు మందులకు వేరే పంపు పెట్టుకోండి, ఇద్దరు ముగ్గురు కలిసి ఒకటి కొనుక్కున్నా సరే.

ప్రశ్న: అన్నా, హుజూరాబాద్ నుంచి. పదిహేను రోజులకోసారి ఫ్లవరింగ్ టానిక్ కొడుతున్నా, మధ్యలో ఎదుగుదల ఆపే మందు కూడా రెండుసార్లు కొట్టిన. అయినా చెట్టు అయిదడుగులు దాటింది. ఏది పనిచేస్తలేదు?

జవాబు: రెండూ పనిచేస్తున్నాయి, అదే చిక్కు. ఆ టానిక్ డబ్బా మీద చిన్న అక్షరాల్లో ఏముందో చదువు తమ్ముడూ. చాలా టానిక్కుల్లో జిబ్బరెల్లిక్ యాసిడ్ ఉంటుంది, మెపిక్వాట్ ఏ హార్మోన్‌ను తగ్గిస్తుందో సరిగ్గా అదే ఇందులో పోస్తున్నారు. ఒక చేత్తో ముకుతాడు లాగుతూ ఇంకో చేత్తో ములుగర్రతో పొడిస్తే ఎద్దు ఏం చేస్తుంది, రెండింటికీ డబ్బులు పెట్టింది నువ్వు. డబ్బా మీద ఏముందో రాయని టానిక్ అసలు కొనకు. నైట్రోజన్ కూడా ఒకసారి లెక్క చూసుకో, ఎకరాకు 48 కిలోల నైట్రోజన్ అంటే రెండు బస్తాల పైచిలుకు యూరియాకు సరిపడా, అది 20, 40, 60, 80 రోజులప్పుడు నాలుగు సార్లుగా పడాలి, ఒకేసారి బస్తా గుమ్మరిస్తే ఏ మందూ ఆ చెట్టును ఆపలేదు. అయిదడుగులు దాటినదాన్ని ఇప్పుడు మందు కుదించదు, కొసలు తుంచుకోవడమే దారి.

నేను ఇంకో మాట కూడా నిజాయితీగా చెప్పాలి, ఎదుగుదల ఆపే మందు దానంతట అది కాయలు పెంచదు. చెట్టు అదుపులో ఉంటే వెలుతురు కిందిదాకా పోతుంది, పురుగుమందు లోపలి ఆకులకూ తగులుతుంది, కాయ కుళ్లు తగ్గుతుంది, కాపు ఒకేసారి వస్తుంది, లాభం ఈ దారుల్లో వస్తుంది. పల్చగా పెట్టి, చెల్కలో, చెట్టు నడుము ఎత్తే ఉంటే ఆ మందు కొట్టినా కొట్టకపోయినా ఒకటే, డబ్బు మిగుల్చుకో.

ప్రశ్న: మేం టెక్సాస్‌లో ఉంటాం, లబ్బక్ మీదుగా కార్లో వెళ్తుంటే మైళ్ల కొద్దీ పత్తి. మోకాలెత్తు చెట్లు, అంత దగ్గరగా ఎలా కాస్తున్నాయి? ఊళ్లో నాన్నగారు నమ్మడంలేదు, వాళ్లకు చెప్పడానికి అడుగుతున్నాను.

జవాబు: నాన్నగారికి ఇలా చెప్పండి. అక్కడ సాళ్ల మధ్య మనకంటే ఎక్కువే, 40 అంగుళాల దాకా ఉంటుంది, కానీ సాలులో అడుగుకు మూడు మొక్కల చొప్పున పెడతారు, ఎకరానికి 40 వేల దగ్గర పడుతుంది. అవి హైబ్రిడ్లు కావు, సూటి రకాలు, ఒక్కో చెట్టుకు కాయలు తక్కువే. మెషీన్‌తో ఒకేసారి తీయాలి కాబట్టి కాపంతా ఒకేసారి రావాలి, నవంబరు మొదట్లో మంచు పడేలోపు పంట తయారవ్వాలి, అందుకని చెట్టును అదుపులో పెట్టి, కాయలు చాలావరకు పగిలాక ఆకు రాల్చే మందు కొట్టి మెషీన్ దింపుతారు. చైనాలో షిన్‌జియాంగ్ ప్రాంతంలో ఇంకా దగ్గరగా, చదరపు మీటరుకు 18, 20 మొక్కల దాకా పెట్టి, నేల మీద ప్లాస్టిక్ పరిచి డ్రిప్పుతో నీళ్లిచ్చి, మెపిక్వాట్ సీజన్లో చాలాసార్లు కొద్దికొద్దిగా కొట్టి కొసలు కూడా తుంచుతారు, చైనా పత్తిలో నూటికి తొంభై వంతులు అక్కడిదే. అయితే షిన్‌జియాంగ్ వాళ్ల దగ్గర నీళ్లు చేతిలో ఉన్నాయి, మన ఊళ్లో వాన మీద ఆధారం, ఆ తేడా కూడా చెప్పండి, లేకపోతే అక్కడి లెక్క ఇక్కడ పెట్టి నష్టపోతారు.

ప్రశ్న: సార్ మందుకు డబ్బుల్లేవు, కౌలు చేను, మూడెకరాలు. కొసలు తుంచితే సరిపోతదా? ఎప్పుడు తుంచాలె? భార్యాభర్తలం ఇద్దరమే చేసుకుంటం. వరంగల్ దగ్గర.

జవాబు: సరిపోతుంది, పల్చటి చేనుకైతే చక్కగా సరిపోతుంది. 85, 90 రోజులప్పుడు, చెట్టుకు ఇరవై కణుపులు వచ్చాక, నడిమి కొసను రెండు మూడు అంగుళాలు గోటితో తుంచేయండి, అంతకంటే కిందికి వద్దు, అక్కడ గూడ ఉంటుంది. చెట్టు పైకి పోవడం ఆగి ఉన్న కాయకు తిండి వెళ్తుంది. ఎండకు వాడిపోయి ఉన్న చేలో తుంచకండి, పొట్టిగా ఉన్న చెట్లను వదిలేయండి, అందరికీ ఒకటే లెక్క పెట్టొద్దు. చేను దగ్గరగా పెట్టి ఉంటే మాత్రం 20 వేల చెట్లు చేత్తో తుంచడం ఇద్దరి వల్ల కాదు, వచ్చే ఏడు ఆ ఎడం పెట్టేముందే ఆలోచించుకోండి. తుంచుకుంటూ సాలు సాలు తిరుగుతారు కదా, రేకులు విచ్చుకోకుండా గులాబీ మొగ్గలా ముడుచుకున్న గుడ్డి పూలు కనబడితే అవి కూడా తెంపి నడుముకు కట్టిన సంచిలో వేసుకోండి, వాటి లోపలే గులాబీ పురుగు ఉంటుంది, గట్టు మీదకొచ్చాక ఆ సంచి కాల్చేయండి. నూటికి పది పూలు అట్లా కనబడితే మాత్రం ఆలస్యం చేయకుండా నాకు మళ్లీ రాయండి.